పాపారాయుడు టైముకి రాడు

మా టీములో ఒకడున్నాడు. ఏ ఆట గురించి మొదలెట్టినా వాడి మొదటి ప్రశ్న ఒకటే: "ఎన్ని ఎండింగులున్నాయి?" మూడంటే పెదవి విరుస్తాడు, పదహారంటే కళ్ళు మెరుస్తాయి. హోటల్లో ఎన్ని రకాల కూరలేస్తారో కనుక్కుని మరీ భోజనానికి వెళ్ళే బాపతు. మొన్న లంచిలో డ్రాగన్ ఏజ్ సిరీస్ మీద మాటా మాటా పెరిగి, "రెండోది చెత్త బాసూ. మనం ఏం నొక్కినా అదే జరుగుతుంది. ఆ మాత్రం దానికి ఆటెందుకు, సినిమా చూసుకోవచ్చుగా" అని తేల్చేశాడు. చుట్టూ ఉన్న నలుగురూ తలలూపారు. ఆ పూట నాకు పెరుగన్నం సహించలేదు.

అక్కడ గట్టిగా చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ చెప్పేస్తున్నా. నాలుగు ఆటల్లోనూ కథ చెప్పడం తెలిసింది ఆ రెండోదానికే. మిగతా మూడూ మనల్ని ముద్దు చేశాయి, అంతే. (2011 నాటి ఆట. కథంతా బయటపెట్టేశానని తిట్టకండి.)

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బయోవేర్ అనే కెనడా కంపెనీ 2009లో డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ తెచ్చింది. తర్వాత 2011లో డ్రాగన్ ఏజ్ 2, 2014లో ఇన్‌క్విజిషన్, పదేళ్ళు ఊరించి 2024 అక్టోబరు 31న వెయిల్‌గార్డ్. మాంత్రికులు, మరుగుజ్జులు, రాక్షసులు, అన్నీ ఉంటాయి. ఆటలో మీరు తీసుకునే నిర్ణయాల వల్ల లోకం మారుతుందన్నది మొదట్నుంచీ వీళ్ళ ప్రచారం.

ఆరిజిన్స్ నేను ఇంజనీరింగు హాస్టల్లో, ఫ్యాను మోతతో పోటీపడే ఒక పాత లాప్‌టాప్ మీద ఆడాను. అందరూ మెచ్చుకునే రెడ్‌క్లిఫ్ ఘట్టం చూడండి. కానర్ అనే చిన్న పిల్లాణ్ణి దయ్యం పట్టింది. పిల్లాణ్ణి చంపేయొచ్చు, లేదా వాడి తల్లి ప్రాణం బలి పెట్టి రక్తమంత్రంతో దయ్యాన్ని తరమొచ్చు. చూడగానే గుండె పట్టేస్తుంది. కానీ మూడో దారి ఒకటుంది. మాంత్రికుల మఠానికెళ్ళి సాయం తెచ్చుకుంటే ఇద్దరూ బతుకుతారు. పోనీ మీరు వెళ్ళొచ్చేలోగా ఆ దయ్యం ఊరిమీద పడుతుందా? అబ్బే, మీరొచ్చేదాకా బుద్ధిగా కూర్చుంటుంది. ఏ నష్టమూ లేని దారి ఒకటి పెట్టాక మిగతా రెండూ దేనికి? బోర్డు మీద రాసుకోవడానికి.

న్యాయంగా చెప్పాలంటే అదే ఆటలో ఆర్జమ్మార్ కథ బాగుంటుంది. సింహాసనం కోసం ఇద్దరు మరుగుజ్జులు కొట్టుకుంటారు. భేలెన్ కుట్రదారు, హారోమాంట్ పెద్దమనిషి. పెద్దమనిషిని ఎక్కిస్తే రాజ్యం తలుపులు మూసుకుని పాతబడిపోతుంది, కుట్రదారుని ఎక్కిస్తే సంస్కరణలొస్తాయి. మా జిల్లా రాజకీయాలు చూసినవాళ్ళకి ఇది ఇంకా బాగా ఎక్కుతుంది.

మనం ఈ పనిలోనే ఉన్నాం కాబట్టి లెక్క చూద్దాం. అవును-కాదు నిర్ణయాలు పది పెడితే 1024 లోకాలు. ఏ కంపెనీ అయినా 1024 కథలు రాయగలదా? రాసినా టెస్టింగు ఎవరు చేస్తారు, మీరా నేనా? అందుకని అందరూ చేసేదే చేస్తారు. పైపైన ఇఫ్-ఎల్స్, లోపల అదే ఫంక్షన్ కాల్. ఆరిజిన్స్‌లో మీ చేతుల్లో చచ్చిపోగల లెలియానా, ఇన్‌క్విజిషన్‌లో నిక్షేపంగా తిరుగుతుంటుంది. ఆ ఇన్‌క్విజిషన్ కోసం కీప్ అని ఒక వెబ్‌సైటే పెట్టి, పాత ఆటల్లో చేసినవన్నీ టిక్కులు కొట్టించుకున్నారు. నేనూ ఒక రాత్రంతా కూర్చుని కొట్టాను, ఎంసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టినంత శ్రద్ధగా.

వెబ్ ఆప్షన్లంటే గుర్తొచ్చింది. కాలేజీలు, బ్రాంచీలు కలిపి అరవై పైచిలుకు పెట్టాను. నా స్నేహితుడు మెకానికల్ తీసుకున్నాడు, నేను కంప్యూటర్స్. ఇప్పుడు ఇద్దరం హైదరాబాదులో ఒకే ప్రాజెక్టులో పక్కపక్క సీట్లు. ఎండింగులు లెక్కపెట్టేవాళ్ళు మా ఇద్దర్నీ కూడా రెండుగా లెక్కేస్తారు కాబోలు.

వెయిల్‌గార్డ్‌కొచ్చేసరికి ముసుగు కూడా తీసేశారు. అన్నేళ్ళ టిక్కుల్లోంచి మూడే మూడు అడిగారు: ఇన్‌క్విజిషన్‌లో ఎవర్ని ప్రేమించావు, ఆ సంస్థ ఉంచావా మూసేశావా, సోలాస్‌ని ఆపుతానన్నావా మారుస్తానన్నావా. ఆరిజిన్స్‌లో మనం కాపాడిన దక్షిణ దేశం ఏమైందంటే, నాశనమైపోతోందని ఉత్తరాల్లో రాస్తారు. మనం చదువుకోవాలి. ఆటని పట్టుకున్నవాళ్ళు 15 లక్షలే, అనుకున్నదాంట్లో సుమారు సగం తగ్గిందని 2025 జనవరిలో కంపెనీవాళ్ళే చెప్పుకున్నారు. నా కడుపుమంట వల్ల మాత్రం కాదు.

ఇక రెండోది. తప్పులు నాకూ కనిపిస్తాయి. హడావిడిగా తీశారు. ఒకటే గుహ పదిసార్లు చూపిస్తారు. మాంత్రికుల పక్షాన నిలబడినా సరే, చివర్లో ఆ మాంత్రికుల పెద్దతోనే కొట్లాడాల్సి రావడం పరమ దండగ. అవన్నీ ఒప్పేసుకుంటా.

కానీ కథ చూడండి. హాక్ అనేవాడు యుద్ధం తప్పించుకుని కుటుంబంతో కిర్క్‌వాల్ అనే ఊరికి వలస వస్తాడు. కథంతా అయిపోయాక వాడి స్నేహితుడు వారిక్‌ని కసాండ్రా అనే ఆవిడ నిలదీసి అడుగుతుంటే, అతను చెప్పుకొస్తుంటాడు. కోతలు కోస్తే ఆవిడ ఆపేస్తుంది. బుర్రకథ చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. నడిమి కథకుడు వారిక్, అడ్డుపడి ప్రశ్నలేసే వంత కసాండ్రా. కథ ఎలా ముగిసిందో ముందే అయిపోయింది, మనం వింటున్నాం.

మాది రాజాం. పుట్టినప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022 ఏప్రిల్లో తెల్లారేసరికి విజయనగరం జిల్లా. నన్నెవరూ ఆప్షన్ అడగలేదు. మా ఊరి పేరు బొబ్బిలి కథలో వస్తుంది. 1757 జనవరి 24న ఫ్రెంచి బుస్సీ దళాలు, విజయనగరం విజయరామరాజు సైన్యం కలిసి బొబ్బిలి కోట మీద పడినప్పుడు, తాండ్ర పాపారాయుడు రాజాంలో ఉన్నాడని కథ చెబుతుంది. కబురందేసరికి కోట పోయింది. లోపల ఆడవాళ్ళు, పిల్లలు ముందే ప్రాణాలు వదిలారు. తర్వాత పాపారాయుడు విజయరామరాజు డేరాలో దూరి పొడిచాడు. 1964లో ఎన్టీఆర్, ఎస్వీఆర్, భానుమతి వేసిన సినిమా ఉండనే ఉంది.

మా మామ్మ చిన్నప్పుడు జాతరల్లో విన్న ఈ కథని నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. "ముందే బయల్దేరొచ్చు కదా మామ్మా?" అని ప్రతిసారీ అడిగేవాణ్ణి. "ఎలగొస్తాడ్రా బావూ, కబురందితే కదేటి" అనేది. ఒక్కసారైనా నాకోసం పాపారాయుణ్ణి తొందరగా పంపించలేదు. పంపించి ఉంటే నేను రెండోసారి అడిగేవాణ్ణి కాదు.

డ్రాగన్ ఏజ్ 2లో హాక్ తల్లి లియాండ్రాని ఒక ఉన్మాది ఎత్తుకుపోతాడు. మీరు పరిగెత్తండి, ముందే ఆధారాలు పట్టుకోండి, ఏం చేసినా అందుకునేసరికి ఆలస్యం. ఆవిడ మీ చేతుల్లో పోతుంది. "ఎలా కాపాడాలి" అని ఇంటర్నెట్టంతా వెతికాను. దారి లేదు.

2022లో మామ్మకి బాగోలేదని ఇంటినుంచి ఫోనొచ్చింది గురువారం. శుక్రవారం రాత్రి ప్రొడక్షన్ రిలీజు. అయ్యాక వస్తానన్నాను. ఎవరూ ఆపలేదు, సెలవడిగితే ఇచ్చేవారే. శనివారం రైలెక్కి, ఆదివారం విజయనగరంలో దిగి బస్సు పట్టుకుని వెళ్ళేసరికి వాకిట్లో చెప్పులు చాలా ఉన్నాయి. ఆ రిలీజు సోమవారం వెనక్కి తీసేశారు, అది వేరే సంగతి. ఇప్పుడెవరైనా "ఆ ఆటలో మన నిర్ణయానికి విలువ లేదు" అంటే నాకు మండేది ఇందుకే.

పైగా అందులో ఎంపికలు లేవన్నది అబద్ధం. ఇసబెలా అనే ఓడ దొంగ కీలక సమయంలో సరుకుతో పారిపోతుంది. తిరిగొస్తుందా రాదా అన్నది అప్పటిదాకా మీరు ఆమెతో మెలిగిన తీరుని బట్టి ఉంటుంది. స్నేహమైనా సరే, పోట్లాటైనా సరే, పట్టించుకుని ఉండాలి. ఏ మెనూ రాదు. ఆండర్స్ అనే మాంత్రికుడు మీ సొంత మనిషే, ఏవో దినుసులు తెచ్చిపెట్టమంటాడు. తెచ్చివ్వొచ్చు, కుదరదనొచ్చు. ఎలాగైనా అతను చాంట్రీని (గుడి అనుకోండి) పేల్చేస్తాడు. ఇక మీకు మిగిలింది అతన్ని ఏం చేయాలన్నదే: చంపాలా, తరిమేయాలా, పక్కనుంచుకోవాలా. నేను అరగంట కదల్లేదు. రెడ్‌క్లిఫ్‌లో అర నిమిషం పట్టింది.

మావాడికి మింగుడుపడనిది ఇదే. లోకంలో నిర్ణయాలు తీసుకునేది వాడొక్కడే కావాలి, మిగతావాళ్ళంతా రెడ్‌క్లిఫ్ దయ్యంలా కూర్చుని ఎదురుచూడాలి. బొబ్బిలి సంగతే చూడండి. కోట వదిలేస్తే వేరేచోట ఇంకా పెద్ద భూములిస్తానని బుస్సీ అన్నాడట, రంగారావు కాదన్నాడు. రాబర్ట్ ఓర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు 18వ శతాబ్దంలోనే రాశాడిది. అతనే ఇంకోటి కూడా రాశాడు. కోట పడ్డాక ఒక ముసలాయన ఒక చంటి పిల్లాణ్ణి తెచ్చి ఫ్రెంచి అధికారికి అప్పగించాడు. వీడు రంగారావు కొడుకు, తండ్రి మాటకి ఎదురెళ్ళి బతికించానన్నాడు. ఆ ముసలాయన పేరు కూడా లేదు. మన భాషలో చెప్పాలంటే ఎన్‌పీసీ. సంస్థానం మళ్ళీ నిలబడింది ఆ పిల్లాడితోనే. 1932లో ఆ బొబ్బిలి రాజానే మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రి అయ్యాడు. ఒక్క నిర్ణయం 175 ఏళ్ళు నడిచింది, ఏ వెబ్‌సైట్లోనూ టిక్కు కొట్టకుండా. వెయిల్‌గార్డ్‌వాళ్ళకి పదేళ్ళు మోయడం కష్టమైపోయింది.

ఇదంతా మావాడికి మొన్న టీ దగ్గర సగం చెప్పాను. వాదన ఒప్పుకోలేదు గానీ, సేల్లో చవగ్గా వస్తోందని డ్రాగన్ ఏజ్ 2 మళ్ళీ మొదలెట్టాడు. నిన్న రాత్రి పన్నెండింటికి మెసేజి పెట్టాడు: "లియాండ్రాని కాపాడాలంటే ముందు ఏ క్వెస్టు చెయ్యాలి?"

ఇంకా జవాబివ్వలేదు.