పడమటి గాలి వీడకుంటే కోస్తాకు ముప్పే
వడగాడ్పులకు సముద్రాలతో సంబంధం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నది పెద్దల మాట. అయితే అన్ని రోహిణులూ ఒక్క తీరుగా ఉండవు. 2003 మే నెలలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా మరణించారు. 2015 వేసవిలో దేశమంతటా 2 వేల మందికి పైగా చనిపోగా, వారిలో అత్యధికులు ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలవారే. ఏటా కాసే ఎండ కొన్ని ఏళ్లలోనే ఇంతమందిని పొట్టన పెట్టుకోవడానికి కారణం గాలిలోనూ, సముద్రంలోనూ ఉన్నది.

గాలి ఎటు వీస్తున్నది?

పగలు నేల త్వరగా కాగుతుంది, సముద్రం నెమ్మదిగా కాగుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేవగానే ఆ చోటులోకి సముద్రపు గాలి వస్తుంది. మచిలీపట్నం, ఒంగోలు వంటి ఊళ్లకు మధ్యాహ్నం వేళ అదే రక్ష. కాని వాయవ్యం నుంచి పొడిగాలి బలంగా వీచిన రోజున సముద్రపు గాలి ఒడ్డు దాటి రాలేదు. పైపెచ్చు ఆ పొడిగాలి కొండలు దిగేటప్పుడు మరింత కాగుతుంది. కిలోమీటరు దిగితే సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. 2003 మేలో బంగాళాఖాతంలో పుట్టిన తుపాను బర్మా వైపు పోతూ ఈ పొడిగాలిని ఇటు లాగింది. వాన అక్కడ, వడ ఇక్కడ అయింది.

ఎక్కడి పసిఫిక్, ఎక్కడి పల్లె!

పసిఫిక్ మహాసముద్రంలో భూమధ్యరేఖ వద్ద నీరు మామూలు కంటే వేడెక్కడాన్ని ఎల్‌నినో అంటారు. రెండు నుంచి ఏడేళ్లకోసారి ఇది వస్తుంది. అప్పుడు మేఘాలు కట్టే చోటు తూర్పుకు జరుగుతుంది. మన వైపు గాలి పైనుంచి కిందికి దిగి, మబ్బు పట్టనివ్వదు. వానలు తగ్గి నేల ఎండితే మరుసటి వేసవి ఎండ మరీ చురుక్కుమంటుంది. 2002 ఎల్‌నినో తర్వాత 2003, 2015 ఎల్‌నినో తర్వాత 2016 ఇందుకు ఉదాహరణలు. 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదిలో 51 డిగ్రీలు నమోదైంది. అయితే ఎల్‌నినో వచ్చిన ప్రతిసారీ కరువు తప్పదని కాదు. 1997లో అది బలంగా ఉన్నా దేశంలో వర్షాలు మామూలుగానే కురిశాయి.

ముందే తెలిసే ముప్పు

తుపానులా కాక, ఎల్‌నినో సూచన కొన్ని నెలల ముందే అందుతుంది. వడగాడ్పుల హెచ్చరిక కొద్ది రోజుల ముందు వస్తుంది. మైదానాల్లో 40 డిగ్రీలు, తీరంలో 37 డిగ్రీలు దాటి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగితే వాతావరణ శాఖ వడగాడ్పులుగా ప్రకటిస్తుంది. తీరంలో ఉక్క ఎక్కువ కనుక చెమట ఆరదు. అందువల్ల అక్కడ తక్కువ ఎండ కూడా ప్రాణాంతకమే.

వడదెబ్బకు బలయ్యేవారిలో ఎండన పడి పనిచేసే కూలీలు, ఒంటరి వృద్ధులు ఎక్కువ. ఎండలో నిలిస్తేనే కూలి గిట్టే మనిషికి నీడపట్టున ఉండమన్న సలహా ఒక్కటే చాలదు. హెచ్చరిక వచ్చిన రోజుల్లో పనిని తెల్లవారుజామున మొదలుపెట్టి పది గంటలకు ముగించి, కూలి కోయకుండా ఇస్తేనే అతడు ఇంటికి చేరతాడు. పనిచోట నీడ, తాగునీరు, మజ్జిగ ఏర్పాటు ఫాల్గుణంలోనే పంచాయతీలు తలపెట్టవలసి ఉన్నది. రోహిణి వచ్చాక చలివేంద్రం పందిరికి గుంజలు పాతితే అప్పటికే ఆలస్యమవుతుంది.