మ్యూచువల్ బదిలీ సరే, మన ఊరిని అడిగిందెవరు?

2021 డిసెంబర్‌లో వచ్చిన జీవో 317 గుర్తుందా? ఉద్యోగులను కొత్త జిల్లాలకు సీనియారిటీ లెక్కన పంచిన్రు. సీనియర్లకు కోరుకున్న చోటు దొరికింది, చాలామంది జూనియర్లు సొంత జిల్లా వదిలి పోవాల్సి వచ్చింది. ధర్నాలు జరిగినయ్. 2022లో పరస్పర బదిలీలకు దారి ఇచ్చిన్రు. ఇద్దరిదీ ఒకే కేటగిరీ అయి, ఇద్దరూ ఒప్పుకుంటే చోట్లు మార్చుకోవచ్చన్నరు.

నేను దీనికి వ్యతిరేకం కాదు. బయటికి పోయిన మన కోయ, గోండు టీచర్ ఇట్లా తిరిగొస్తే పిల్లలకు ఇంటి భాషలో చెప్పే మనిషి దొరుకుతడు. కానీ జోడీ దొరకాలి కదా! దొరకనోళ్ల సంగతేంది?

అసలు భయం వేరే ఉంది. పిల్లలు తక్కువున్నరని రేషనలైజేషన్ పేరుతో పోస్టే లేపేస్తే, మార్చుకోవడానికి కుర్చీయే మిగలదు. ఏజెన్సీ టీచర్ పోస్టులు నూటికి నూరు శాతం స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత మనకు ఒక్కో కుర్చీ లెక్కే.

బదిలీ కాగితం మీద ఇద్దరు ఉద్యోగుల సంతకాలుంటయ్. గ్రామసభ మాట ఎక్కడా ఉండదు. మీ ఊరి బడికి మంజూరైన పోస్టులెన్ని, ఇప్పుడు పనిచేసేటోళ్లు ఎందరు? సమాచార హక్కు కింద అడగండి. వచ్చిన జవాబును గ్రామసభలో చదివి వినిపించండి.