బోరు మట్టమును కొలువవలెను

కరెంటు వచ్చినంతనే మోటారును నడుపు ఆటోస్టార్టరు మన సభ్యులలో పెక్కుమందికి కలదు. దానికి కరెంటు తెలియును గాని నీరు తెలియదు. మడి నిండినను నడుచును; బోరు అడుగంటినను నడుచును.

1788లో జేమ్స్ వాట్ ఆవిరియంత్రమునకు అమర్చిన గవర్నరు అట్టిది కాదు. వేగము హెచ్చినచో దాని గుండ్లు పైకి లేచి ఆవిరిని తగ్గించును. వేగము తగ్గినచో క్రిందికి దిగి ఆవిరిని హెచ్చించును. ఫలితమే మరలివచ్చి పనిని సరిదిద్దు ఈ ఏర్పాటును ఇంజనీర్లు ఫీడ్‌బ్యాక్ అందురు.

భూగర్భజలమునకు అట్టి గుండ్లు లేవు. రైతే గవర్నరు కావలెను. అసాధ్యమందురా? 2001–2010 దశాబ్దిలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అనంతపురము మొదలగు ఏడు కరవు జిల్లాలలో రైతులే బోర్ల మట్టమును కొలిచిరి, వర్షమానమును వ్రాసికొనిరి, రబీకి ముందు ఊరి నీటిపద్దు కట్టి, ఏ పైరు వేయవలెనో ఎవరికి వారే నిర్ణయించుకొనిరి. బలవంతమేమియు లేదు.

కొలతకు అదను ముఖ్యము. వాన నీరు రాతినేలలో దిగి బోరు చేరుటకు కాలము పట్టును. వరి నాటిన పిమ్మట తెలిసిన లోటునకు మందు లేదు. అప్పుడు మనవారు అప్పు చేసి మరియొక బోరు వేయింతురు, అదియు ఆ నీటినే పంచుకొనును. కావున రబీ ఋణపు దరఖాస్తుతోబాటు బోరు మట్టమును గూడ సభ్యులు వ్రాసి తేవలెనని మా అభిప్రాయము. దీనిపై సర్వసభ్యసమావేశమున చర్చ జరుగవలెను.