కాపలాకి ఎంత ఖర్చు?

"ఫ్రీగనే దొరుకుతది గదా అన్నా, పెట్టుకుంటే అయిపాయె!" కరీంనగర్‌లో చిన్న కంపెనీ నడిపే మా తమ్ముడి వరస కుర్రాడి మాట ఇది. రైస్ మిల్లులకు బిల్లింగు సాఫ్టువేరు చేస్తాడు, పది క్లౌడ్ సర్వర్లున్నాయి. వాటిని కనిపెట్టుకుని ఉండటానికి ప్రొమీథియస్, గ్రాఫానా సొంతంగా పెట్టుకుంటాట్ట. సరే, కూర్చుని లెక్క వేశాం.

సర్వరుకు వెయ్యి కొలతలు, 15 సెకన్లకోసారి అనుకోండి. మొత్తం సెకనుకు 667. ప్రొమీథియస్ ఒక్కో కొలతకు సగటున 1-2 బైట్లు వాడుతుంది. రెండు చొప్పున వేసినా, మనం ఏమీ మార్చకపోతే అది దాచే 15 రోజులకు 1.7 జీబీ. ఏడాదంతా దాచినా 42 జీబీ. ఇంతేనా అనిపించింది! అమెజాన్‌లో పబ్లిక్ ఐపీ అడ్రసుకు 2024 ఫిబ్రవరి నుంచి గంటకు అర సెంటు, అంటే నెలకు మూడున్నర డాలర్ల పైచిలుకు. అదీ భరించొచ్చు.

"దీనికి మళ్ళీ వేరే సర్వరెందుకు, దండగ" అని మావాడు డేటాబేసు ఉన్న మిషన్లోనే పెట్టేశాడు. యాసంగి వడ్లు వచ్చే రోజుల్లో ఒక రాత్రి లాగులతో డిస్కు నిండిపోయింది. డేటాబేసు పడింది, దాంతోపాటే కాపలా కూడా పడింది. ఒక్క మెసేజీ వస్తే ఒట్టు! తెల్లారి మిల్లు వాళ్ళు ఫోన్ చేస్తే గానీ తెలియలేదు. అప్పటికే గేటు ముందు వడ్ల లారీలు బారులు తీరాయి.

మేం వేసిన లెక్కలో లేనిది మనిషి ఖర్చు. అప్‌డేట్లు, బ్యాకప్పులు, ఉత్తుత్తి అలర్టుల్ని సరిచేయడం... నెలకు ఆరు గంటలు, గంటకు 500 వేసుకోండి, 3000 అవుతుంది. పెద్ద కంపెనీల్లో దీనికో టీమ్ ఉంటుంది. ఇక్కడ పగలు కోడు రాసే కుర్రాడే రాత్రి కాపలాదారు.

అలాగని సొంతంగా వద్దనను. సర్వరుకింత అని డాలర్లలో బిల్లు వేసే సర్వీసులతో పోలిస్తే, సర్వర్లు పెరిగే కొద్దీ ఇదే గిట్టుబాటు. కాకపోతే కాపలాకి విడిగా ఓ చిన్న మిషను ఉండాలి. అది బతికే ఉందో లేదో బయటి నుంచి ఇంకొకటి చూస్తుండాలి. అర్ధరాత్రి ఎవరి ఫోన్ మోగుతుందో ముందే రాసుకోవాలి.

ఊరికే వచ్చిన కుక్కకైనా రోజూ బువ్వ పెట్టాలి కదండీ. ఆ బువ్వ కూడా లెక్కలో రాయండి. మీరేమంటారు?