స్లో సరే... ఎందుకు స్లో?

టీమ్‌లో ఒకరి పని వారం లేటైంది. ‘హీ ఈజ్ డ్రాగింగ్ హిజ్ ఫీట్’ అని మేనేజర్‌కి మెయిల్ కొట్టబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి. ‘ఇష్టం లేక కావాలనే సాగదీస్తున్నాడు’ అని దానర్థం. పాపం, ఆ కుర్రాడు సర్వర్ యాక్సెస్ కోసం మూడు రోజులుగా ఎదురుచూస్తున్నాడేమో! అప్రైజల్ టైమ్‌లో ఆ మెయిల్ బయటికొస్తే?

ఇంగ్లిష్‌లో ఆలస్యానికి బోలెడు జాతీయాలున్నాయి. అన్నీ ఒకటే అనిపిస్తాయి గానీ, ఒక్కోటీ ఒక్కో సంగతి చెబుతుంది.

‘ఎట్ ఎ స్నెయిల్స్ పేస్’ అచ్చం మన నత్తనడకే. వేగం సంగతే చెబుతుంది, తప్పు ఎవరి మీదా వెయ్యదు. ప్రాజెక్ట్ గురించి ఇలా రాస్తే ఎవరికీ గుచ్చుకోదు.

‘షిల్లీ షాలీ’ అంటే చేద్దామా వద్దా అని ఊగిసలాడటం. ‘షల్ ఐ? షల్ ఐ?’ అని తనను తానే అడుక్కోవడంలోంచి పుట్టిన మాట. మన పెద్దవాళ్లు మీనమేషాలు లెక్కపెట్టడం అంటారే, అదే.

‘డిల్లీ డాలీ’ అంటే పని పక్కనపెట్టి కాలక్షేపం చేయడం. ఇందులో అసలు మాట ‘డాలీ’నే. మనం ‘కాఫీ గీఫీ’ అన్నట్టు వాళ్లు ముందు ‘డిల్లీ’ తగిలించారు.

‘టేక్ యువర్ టైమ్’ అంటే ‘తొందరేం లేదు, నిదానంగా కానివ్వండి’ అనే మంచి మాట. అదే ‘టేకింగ్ హిజ్ ఓన్ స్వీట్ టైమ్’ అంటే పక్కా వెటకారం. స్వీట్ ఉంది కదా అని మురిసిపోకండి!

అమెరికా వాళ్లకి ఇంకోటుంది: ‘స్లో యాజ్ మొలాసిస్ ఇన్ జాన్యువరీ’. మొలాసిస్ అంటే చెరకు రసంలోంచి చక్కెర తీశాక మిగిలే నల్లటి, చిక్కటి మడ్డి. జనవరి చలికి ఇంకా గట్టిపడి, ఎంత వంచినా జారదు. కానీ 1919 జనవరి 15న బోస్టన్‌లో ఓ భారీ ట్యాంకు పగిలి, దాదాపు 87 లక్షల లీటర్ల మొలాసిస్ గంటకు 50 కిలోమీటర్లు దాటిన వేగంతో వీధుల మీద పడిందని అంచనా. 21 మంది చనిపోయారు. ‘స్లో’ అని ముద్రపడిన మొలాసిస్సే!

మనుషుల మీద వేసే ముద్రలూ అంతే. లేటుకి కారణం తెలియనప్పుడు జాతీయం జోలికి పోకండి. ‘ఇట్స్ డిలేడ్, లెట్ మీ చెక్ వై’ అని రాయండి. తర్వాత నిజంగానే వెళ్లి అడగండి.