పాత బండి కదా, అంతే సార్!

ఈ మాట మీరెన్నిసార్లు విన్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఏసీ చల్లగా రావట్లేదంటే "పాత బండి కదా, అంతే సార్". గేరు గట్టిగా పడుతోందంటే మళ్ళీ అదే. సరే, ఏసీ లేకపోతే చెమట పడుతుంది, గేరు గట్టిగా ఉంటే చెయ్యి నొప్పి పుడుతుంది, పోనీలే అనుకోవచ్చు. కానీ బ్రేకు పెడల్ స్పాంజిలా మెత్తగా లోపలికి పోతోందయ్యా బాబూ అని చెప్పినా ఒక సర్వీస్ అడ్వైజర్ నాతో ఇదే మాట అన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ట్యాబ్, మొహాన చిరునవ్వు. నేనూ గంగిరెద్దులా తలూపి వచ్చేశాను. కాబట్టి నా కోపంలో సగం అతని మీదైతే మిగతా సగం నా మీదే. అది ముందే ఒప్పేసుకుంటే మంచిది.

మాది 2009 మోడల్ చిన్న కారు. మా నాన్న కొన్నది. 2024లో పదిహేనేళ్ళు నిండితే ఫిట్‌నెస్ చేయించి ఇంకో ఐదేళ్ళకి రిజిస్ట్రేషన్ రెన్యూ చేయించాం. ఏ కంపెనీదో చెప్పను, చెప్తే అసలు విషయం వదిలేసి ఆ కంపెనీ మంచిదా కాదా అని కొట్టుకుంటారు :). పోయిన వేసవిలో ముందు చక్రాలు పట్టేస్తున్నాయని సర్వీసుకిస్తే రెండు క్యాలిపర్లూ విప్పి సీళ్ళు మార్చారు. బండి తెచ్చుకున్న రోజు నుంచే పెడల్ మెత్తబడింది. వెళ్ళి చెప్పాను. "గాలి ఉంది సార్, తీసేశాం" అన్నారు. తేడా లేదు. మళ్ళీ వెళ్ళాను. ఈసారి మాస్టర్ సిలిండర్ పోయిందని కొత్తది వేసి 6,400 బిల్లు చేతిలో పెట్టారు. అయినా మెత్తగానే ఉంది. మూడోసారి వెళ్ళినప్పుడే ఆ మహావాక్యం వెలువడింది.

ఇక్కడ మన సంగతి కొంచెం మాట్లాడుకుందాం. నేను పొద్దున్నుంచి రాత్రిదాకా చేసే పని ఏంటి? ప్రొడక్షన్‌లో ఏదో విరిగితే రూట్ కాజ్ ఏంటని టీం మొత్తాన్నీ కూర్చోబెట్టి పీకడం. "నిన్నటిదాకా బానే ఉంది, ఇవాళ పోయింది" అని ఎవడైనా అంటే మనం అడిగే మొదటి ప్రశ్న ఏంటి? "మధ్యలో ఏం మార్చారు?" నా కారు విషయంలో జవాబు బిల్లు మీదే అచ్చేసి ఉంది. ముందు క్యాలిపర్లు విప్పారు, ఆ వెంటనే పెడల్ మెత్తబడింది. ఆఫీసులో ఒక ఫ్రెషర్ ఈ మాత్రం పట్టుకోలేకపోతే వాడి అప్రైజల్‌లో రాసేవాణ్ణి. కానీ కారు దగ్గరికొచ్చేసరికి మెదడు గేటు దగ్గర సెక్యూరిటీకి ఇచ్చేసి లోపలికెళ్తాను.

అంతకన్నా సిగ్గుపడాల్సింది ఇంకోటుంది. రెండు మూడుసార్లు టకటకా తొక్కితే పెడల్ గట్టిపడుతోందని కనిపెట్టాను. ఇంక అంతే, వర్కరౌండ్ దొరికింది! నెలన్నర అలాగే నడిపాను. ఆఫీసులో ఒకతను, "నాదీ అంతే బ్రో, పంప్ చేస్తే సరిపోతుంది" అని ధైర్యం కూడా చెప్పాడు. సరిపోతుంది అంటే ఏంటర్థం? ఎదురుగా పిల్లవాడు బంతి వెనక పరిగెత్తుకొచ్చినప్పుడు వాడు కూడా "ఆగండంకుల్, మూడుసార్లు తొక్కుకోండి" అని నిలబడతాడనా?

సెప్టెంబర్లో అమ్మానాన్నల్ని తీసుకుని శ్రీశైలం బయల్దేరాను. మన్ననూరు దాటి అడవిలో ఏమీ తెలియలేదు, రోడ్డు ఖాళీ, బ్రేకు అవసరమే తక్కువ. ఈగలపెంట దాటాక డ్యాం వైపు దిగే ఘాట్ మొదలైంది. మలుపు మలుపుకీ బ్రేకు. నాలుగైదు మలుపులయ్యాక పెడల్ ఇంకా లోపలికి పోసాగింది, తర్వాత ఒక మలుపులో నేల తాకింది. మూడుసార్లు తొక్కాను, సగం గట్టిపడింది. పక్కనున్న మా నాన్న నా కాలి వైపు చూసి, "ఒరేయ్, సెకండ్ గేర్లో వెయ్యి. హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగు, బటన్ నొక్కి పట్టుకునే లాగు" అన్నాడు. గొంతు పెంచలేదు. ముప్ఫై ఏళ్ళు ఆర్టీసీలో బస్సు నడిపిన మనిషి. కొండవారగా ఆపాం. చక్రాల దగ్గర కాలిన వాసన. అమ్మకి సంగతి తెలియదు, ఫొటోలకి ఆపామనుకుని దిగింది.

అరగంట చల్లారనిచ్చి, మొదటి గేర్లో పాకుతూ కిందికి దిగాం. దారిలో మా నాన్న ఒకటే మాటన్నాడు: "మా బస్సుల్లో గాలే బ్రేకు వేస్తుంది. నీ కార్లో గాలి బ్రేకు తీసేస్తోంది."

ఇంతకన్నా బాగా నేను చెప్పలేను గానీ, ఫిజిక్స్ మర్చిపోయిన వాళ్ళ కోసం రెండు ముక్కలు. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ కదిలి ఆయిల్‌ని నెడుతుంది. ద్రవం దాదాపు అణగదు కాబట్టి ఆ ఒత్తిడి తిన్నగా చక్రాల దగ్గరికి చేరుతుంది. ఇంటర్లో చదివిన పాస్కల్ సూత్రమే. మధ్యలో ఒక్క గాలి బుడగ ఉన్నా మన కాలి బలం ముందు దాన్ని అణచడానికే ఖర్చవుతుంది. స్పాంజి అంటే అదే.

ఇక ఘాట్‌లో ఎందుకు ముదిరింది? మామూలు బ్రేకు ఆయిల్ గాల్లోంచి తేమ పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, 3.7 శాతం నీళ్ళు చేరితే అదే హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి ఆ అంకెలు 230, 155. అందుకే చాలా కంపెనీలు రెండేళ్ళకోసారి మార్చమంటాయి. మనలో ఎంతమంది మార్చాం? ఇంజన్ ఆయిల్ సింథటిక్కా కాదా అని గంటలు గంటలు వాదించుకుంటాం, బ్రేకు ఆయిల్ ఉన్న డబ్బా ఎక్కడుందో తెలియదు. ఘాట్‌లో వేడికి ఆ తడి ఆయిల్ మరిగితే ఆవిరవుతుంది, ఆవిరి కూడా గాలిలాగే అణుగుతుంది. చల్లారాక మళ్ళీ మామూలే. ఇంటికొచ్చి సర్వీస్ సెంటర్లో చూపిస్తే "ప్రాబ్లం ఏం లేదు సార్". రీప్రొడ్యూస్ కాని బగ్ అన్నమాట. టికెట్ క్లోజ్.

ఇప్పుడు నేను చేసింది చెప్తాను. పైసా ఖర్చు లేని పరీక్షలు ముందు. డబ్బాలో ఆయిల్ మట్టం తగ్గట్లేదు, నాలుగు చక్రాల లోపలి వైపూ తడి లేదు. కాబట్టి బయటికి లీకు లేదు. తర్వాత ఇంజన్ ఆన్‌లో పెట్టి పెడల్ని ఒకే బలంతో నిమిషం పాటు నొక్కి పట్టుకున్నాను. మాస్టర్ సిలిండర్ లోపల సీళ్ళు పోతే పెడల్ మెల్లమెల్లగా కిందికి దిగిపోతూ ఉంటుంది. నాది దిగలేదు, మెత్తగా ఉంది గానీ ఉన్నచోటే ఉంది. ఈ పరీక్ష 6,400 కట్టకముందు ఎవరూ చేయలేదు, నేనూ చేయలేదు. ఇక పంప్ చేస్తే పైకొస్తోందంటే రెండే పెద్ద అనుమానాలు: లోపల గాలి, లేదా వెనక డ్రమ్ముల్లో షూలకీ డ్రమ్ముకీ మధ్య ఖాళీ పెరగడం. రెంటికీ తేడా ఉంది. షూల ఖాళీ అయితే పెడల్ కిందికెళ్ళాక రాయిలా తగులుతుంది, గాలైతే కింద కూడా దిండులా ఉంటుంది. నాది దిండు.

ఎక్కడుంది గాలి? ఇక్కడ మనకి బాగా తెలిసిన పద్ధతే పనికొచ్చింది, ముక్కలు చేసి వెతకడం. మా వీధి చివర మెకానిక్ భాయ్ దగ్గర రబ్బరు పైపులు నొక్కే క్లాంపులున్నాయి, అంచులు గుండ్రంగా ఉండేవి (పటకారుతో నొక్కితే పైపు చిట్లుతుంది, ఆ పని చేయకండి; పగుళ్ళు తేలిన పైపుని అసలే నొక్కకూడదు, మార్చేయాలి). వెనక పైపులు నొక్కి తొక్కితే తేడా లేదు. ముందు ఎడమ నొక్కితే కొంచెం గట్టిపడింది. ముందు కుడి కూడా నొక్కితే గోడని తన్నినట్టుంది. అంటే మాస్టర్ సిలిండర్‌కీ వెనక చక్రాలకీ ఏ పాపమూ తెలియదు. రోగం ముందు రెండింట్లోనే, సరిగ్గా ఏవి విప్పారో వాటిలోనే.

చక్రం విప్పగానే భాయ్ వంగి చూసి నవ్వాడు. "సార్, నిపిల్ కిందికున్నది చూడుండ్రి. లెఫ్టుది రైటుకు, రైటుది లెఫ్టుకు పెట్టిండ్రు."

గాలి పైకి పోతుందని ఒకటో తరగతి పిల్లాడికీ తెలుసు. గాలి బయటికి తీసే నిపిల్ క్యాలిపర్‌కి పైవైపు ఉండేది అందుకే. రెండూ తారుమారు చేసి బిగిస్తే నిపిల్ కిందికొస్తుంది, గాలి పైన ఇరుక్కుంటుంది, పది లీటర్ల ఆయిల్ పోసి బ్లీడ్ చేసినా కదలదు. రెండుసార్లు బ్లీడ్ చేసిన కుర్రాడు చెప్పిన పని చెప్పినట్టే చేశాడు పాపం. మాస్టర్ సిలిండర్ మార్చినవాడూ అంతే. ఎవరూ "ఎందుకు" అని అడగలేదు, ఎందుకంటే వాళ్ళని అడగమని ఎవరూ చెప్పలేదు. కస్టమర్‌తో మాట్లాడేవాడు బండి కిందికి వెళ్ళడు, బండి కిందికి వెళ్ళేవాడిని కస్టమర్‌తో మాట్లాడనివ్వరు. మన సపోర్ట్ టీముల్లో ఎల్1, ఎల్2, ఎల్3 లాగే. మనం కట్టిన ప్రపంచమే, మనకెందుకు ఆశ్చర్యం?

భాయ్ రెండు గంటల్లో క్యాలిపర్లు అటుదిటు మార్చి, కొత్త రాగి వాషర్లు వేసి, పాత ఆయిల్ అంతా తోసేసి కొత్త డాట్ 3 పోశాడు. నేను పెడల్ దగ్గర. "తొక్కు సార్... పట్టుండ్రి... ఇడువుండ్రి." అతను నిపిల్ బిగించాకే నేను కాలు తీయాలి, లేకపోతే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. మధ్యమధ్యలో డబ్బా ఖాళీ కాకుండా చూసుకోవాలి. ఆయిల్‌తో సహా 1,300 తీసుకున్నాడు.

"బ్రేకులు ప్రాణాలతో పని, నీలాంటి కీబోర్డు మెకానిక్కులు వేలు పెట్టకూడదు" అని ఒక మిత్రుడన్నాడు. ఒప్పుకుంటాను. నేను విప్పలేదు, తెలిసినవాడే విప్పాడు. కానీ పెడల్ నిమిషం నొక్కి పట్టుకోవడానికి, దిగుతోందా లేదా చూడ్డానికి, "మాస్టర్ సిలిండర్ పోయిందని ఎలా తేల్చారు?" అని అడగడానికి ఏ స్పానరూ అక్కర్లేదు. ఇంకో మిత్రుడు "అమ్మేయ్, కొత్తది తీసుకో" అన్నాడు. క్యాలిపర్లు తారుమారు చేసినవాడికి కొత్త కారిస్తే తారుమారు చేయడా? పైగా అమ్మితే ఆ బండి ఎవరో ఒకరి దగ్గరికే వెళ్తుంది, ఆ మెత్తటి పెడల్‌తో సహా. వయసు ఈ బండి నేరం కాదు. పదిహేనేళ్ళ పెడల్ ఇప్పుడు గోడలా ఉంది.

ఫొటోలు తీసుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాను. తీసేసిన పాత మాస్టర్ సిలిండర్ ఇవ్వండి, పరీక్ష చేయిస్తాను అన్నాను. స్క్రాప్‌లో వేసేశాం సార్ అన్నారు. ఫొటో చూసి అడ్వైజర్ లోపలికెళ్ళి పావుగంటకి తిరిగొచ్చాడు. నెక్స్ట్ సర్వీస్‌లో లేబర్ మీద పది శాతం డిస్కౌంట్ ఇస్తారట.

సాయంత్రానికి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మా సేవకి పదికి ఎంత ఇస్తారని.