తిరునాళ్ళ మునక, దిగువవారి మంచినీరు

నేను నందిగామలో వైద్యం చేసిన రోజులలో, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళు ముగిసిన రెండు మూడు రోజులకు వాంతులు, విరేచనాలతో రోగులు వరుసగా వచ్చేవారు. వారిలో తిరునాళ్ళకు వెళ్ళివచ్చినవారి సంగతి సులభంగానే అర్థమయ్యేది: ఈగలు ముసిరిన మిఠాయి, మురికి నీటి చెరకురసం. అయితే ఊరు కదలనివారు కూడా వచ్చేవారు. వారికెందుకు వచ్చిందో నాకు చాలాకాలం తట్టలేదు. ఒక వృద్ధురాలు, “ఏటి చెలమ నీళ్ళే తాగుతాం గదయ్యా” అన్న తరువాతనే కళ్ళు తెరిచాను.

మునేరు పాకాల వైపు పుట్టి, ఖమ్మం మీదుగా పెనుగంచిప్రోలు చేరి, కీసర వంతెన దాటి కృష్ణలో కలుస్తుంది. ఆ కృష్ణ నీరే ప్రకాశం బ్యారేజీ వద్ద నిలిచి విజయవాడ దాహం తీరుస్తుంది. మీరు మునిగిన నీటిని దిగువన ఎవరో ముంతతో ముంచుకొంటున్నారు.

పుణ్యస్నానం మానమని నేననను. (అంటే మా ఇంట్లోనే నాకు అన్నం పుట్టదు.) సబ్బు, షాంపూ పొట్లాలు, విడిచిన బట్టలు ఏటిలో వదలడం తప్పే. కాని వైద్యుడిగా నేను అన్నిటికంటె భయపడేది ఒడ్డున చేసే మలవిసర్జనకు. కలరా, టైఫాయిడ్, కొన్ని రకాల కామెర్లు ఆ దారినే నోటికి చేరుతాయి. 2024 వేసవిలో జగ్గయ్యపేటలో అతిసారం ప్రబలినప్పుడు మనవారు పడిన యాతన మరువరానిది. దానికి యాత్రికులే కారణమని నా అభిప్రాయం కాదు. నీటి విషయంలో ఈ ప్రాంతం ఎంత బలహీనమో చెబుతున్నాను.

కార్తీకంలో వేదాద్రికి వెళ్ళి, కృష్ణ ఒడ్డున వనభోజనం చేసేవారికీ ఇదే మనవి. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషిద్ధం. అయినా ఒడ్డున అవే కనిపిస్తాయి. మరునాడు వాటిని వట్టి చేతులతో ఏరే పారిశుద్ధ్య కార్మికురాలిని మీరు చూడరు, అప్పటికి ఇల్లు చేరి ఉంటారు. విస్తరాకులు స్థానికుల వద్దనే కొనండి, కుట్టినవారికి నాలుగు రూపాయలు దక్కుతాయి. ఎంగిళ్ళు సంచిలో కట్టి వెంట తీసుకుపోండి.

బయలుదేరేటప్పుడు ఇంటి నుండి తాగునీరు, ఓఆర్ఎస్ పొట్లాలు, క్లోరిన్ బిళ్ళలు ఉంచుకోండి. అరగ్రాము బిళ్ళ ఒకటి 20 లీటర్ల తేటనీటికి సరిపోతుంది. వేసిన అరగంట తరువాతనే తాగాలి. మరుగుదొడ్డి ఎక్కడుందో బండి దిగగానే అడగండి, ముఖ్యంగా పిల్లలున్నవారు.